మన విశాఖ గురించి మీకు ఒక్క కొత్త విషయం చెప్పిన వెబ్‌సైటు ఏది?

చినవాల్తేరు_శ్రీను

మా నాన్నగారు పోర్టులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యారు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఇప్పుడు బీచ్ దాకా నడవలేరు కనుక, రోజూ సాయంత్రం డాబా మీద కుర్చీ వేసుకుని, సముద్రంలో లంగరు వేసి ఉన్న ఓడల దీపాలు లెక్కపెడుతూ కూర్చుంటారు. పోయిన వారం "ఆ చివరి ఓడ నాలుగు రోజులుగా కదలడం లేదు, ఎక్కడి నుంచి వచ్చిందో ఏమిటో" అన్నారు. దానికి సమాధానం వెతుకుతుంటే మెరైన్‌ట్రాఫిక్ అనే ఓడల పటం దొరికింది. డాల్ఫిన్స్ నోస్ కొండకు ఎదురుగా ఉన్న గుర్తుల్లో ఒకదాని మీద నొక్కగానే ఓడ పేరు, జెండా, పొడవు, ఏ రేవు నుంచి వచ్చిందో అన్నీ కనిపించాయి. నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని, ఫోను నా చేతిలోంచి తీసుకుని, అరగంట దాకా తిరిగి ఇవ్వలేదు.

నా బాధ ఏమిటంటే, పదిహేనేళ్ళుగా ఇంటర్నెట్టు వాడుతున్నా ఇలాంటి పటం ఒకటి ఉందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. "ఆసక్తికరమైన వెబ్‌సైట్లు" అని వెతికితే ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకున్న జాబితాలే వస్తున్నాయి. వాటిలో యాభై పేర్లుంటాయి, వాటిలో ఒక్కదానితోనైనా రాసినవారు ఏం చేశారో మాత్రం ఉండదు. అందుకని ఇక్కడ ఒక నియమం పెట్టుకుందామని మనవి. ఒక వెబ్‌సైటు పేరు చెప్పండి, దానితో మన ఊరి గురించి మీరు స్వయంగా తెలుసుకున్న ఒక్క విషయం చెప్పండి. రెండోది లేకపోతే మొదటిది వద్దు.

లంగరు77

నేను షిప్పింగ్ ఏజెన్సీలో పనిచేస్తాను కనుక మీ నాన్నగారి ప్రశ్నకు నేనే జవాబు చెప్పాలి. బెర్తు, అంటే రేవులో ఓడ ఆగి సరుకు దించే చోటు, ఖాళీ లేనప్పుడు, లేదా సరుకు కాగితాలు పూర్తి కానప్పుడు ఓడ బయట లంగరు వేసే చోట, అంటే యాంకరేజిలో ఆగుతుంది. నాలుగు రోజులు మాకు పెద్ద విషయం కాదు.

ఆ పటంలో బాణం గుర్తులు కదులుతున్న ఓడలు, గుండ్రని చుక్కలు ఆగి ఉన్నవి. ఆకుపచ్చ రంగు సరుకు ఓడ, ఎరుపు ట్యాంకరు. ఈ సమాచారమంతా ఓడలో ఉండే ఏఐఎస్ అనే పరికరం రేడియో తరంగాల మీద పంపుతుంది. అంతర్జాతీయ ప్రయాణాలు చేసే 300 టన్నులు, అంతకు మించిన ఓడలకు అది తప్పనిసరి. నడుస్తున్న ఓడ కొన్ని సెకన్లకు ఒకసారి, లంగరు వేసిన ఓడ మూడు నిమిషాలకు ఒకసారి తన స్థానాన్ని చెబుతాయి. స్థానం, వేగం జీపీఎస్ నుంచి నేరుగా వస్తాయి కనుక వాటిని చాలావరకు నమ్మవచ్చు. కానీ ఎక్కడికి వెళుతోంది, నీటిలో ఎంత లోతు మునిగి ఉంది అన్నవి సిబ్బంది చేత్తో నింపే గడులు. వాళ్ళు మార్చడం మరిచిపోతే పాత రేవు పేరే రోజుల తరబడి కనిపిస్తుంది.

చినవాల్తేరు_శ్రీను

చాలా సంతోషం. నాన్నగారికి మీ మాటలు చదివి వినిపించాను. "మునక లోతుకు పటం ఎందుకు, ఓడ పక్కనున్న ఎర్ర పట్టీ ఎంత పైకి కనిపిస్తోందో చూస్తే ఖాళీయో నిండో తెలిసిపోతుంది కదా" అన్నారు. రాత్రిపూట ముందు దీపం ఎత్తులో, వెనుక దీపం కొంచెం కిందుగా ఉంటే అది లంగరు వేసిన ఓడ అని కూడా ఆయనే చెప్పారు. ఇన్నేళ్ళూ ఆ దీపాలను చూస్తూ పెరిగాను గానీ, ఎప్పుడూ అడగలేదు.

గాజువాక_రమణ

2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. ఆ ఉదయం ఈ పటంలోనే ఓడ గుర్తు బీచ్ రోడ్డుకు ఆనుకుని కనిపించింది. పటం తప్పు చూపిస్తోందనుకుని బండి వేసుకుని వెళ్ళాను. పటం చూపినది నిజమే.

తీరం_వాసు

ఫిషింగ్ హార్బరులో అన్ని పడవలు ఉంటే పటంలో నాలుగైదు కూడా కనిపించవు. నేవీ ఓడలూ కనిపించవు. మరి ఇది పూర్తి పటం ఎలా అవుతుంది?

లంగరు77

పూర్తి పటమని నేను అనలేదు, వాసు గారూ. చిన్న పడవలకు ఆ పరికరం ఉండదు. యుద్ధనౌకలకు ఆ నిబంధన వర్తించదు, అవి తమ ఉనికిని చెప్పనవసరం లేదు. తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊళ్ళో ఉంటూ పటంలో లేని ఓడల గురించి ఇలాంటి చోట రాయకపోవడమే మన బాధ్యత.

జాలరిపేట_లక్ష్మి

పడవల మాట వచ్చింది కనుక నా వంతు. మా తమ్ముడు మరపడవ మీద వేటకు వెళతాడు. హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ వెబ్‌సైటులో చేపలు దొరికే అవకాశమున్న చోట్లను రోజువారీగా పెడతారు. అది తెలుగులో కూడా ఉంటుంది. ఒడ్డున ఉన్న ఒక గుర్తు నుంచి ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ సముద్రం ఎంత లోతు అన్నది పట్టికలో ఉంటుంది. ఉపగ్రహం నుంచి సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రతను, నీటిలో పచ్చదనాన్ని చూసి లెక్కకడతారు. పచ్చదనం అంటే కంటికి కనిపించనంత చిన్న నాచు. అది ఉన్నచోటికి చిన్న చేప, చిన్న చేప ఉన్నచోటికి పెద్ద చేప వస్తాయి.

నేను దానితో తెలుసుకున్న విషయం ఇది. మబ్బు పట్టిన రోజుల్లో ఆ పట్టిక రాదు. మొదట్లో వెబ్‌సైటు పాడైందనుకుని విసుక్కున్నాను. మబ్బుల వల్ల ఉపగ్రహానికి నీరు కనిపించదని తరువాత అర్థమైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కనుక ఆ 61 రోజులూ అసలు అవసరమే ఉండదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. మా నాన్న ఆ పట్టికను నమ్మడు. నీటి రంగును, పక్షులు వాలే చోటును చూసి వల వేస్తాడు. తమ్ముడు పట్టిక చూసి డీజిలు లెక్క వేసుకుంటాడు. ఇద్దరూ ఒకే దిక్కు చెప్పిన రోజు మా ఇంట్లో పండుగలా ఉంటుంది.

తీరం_వాసు

లక్ష్మి గారూ, ఇది నాకు పూర్తిగా కొత్త సంగతి. ఇప్పుడే తెరిచి చూశాను. అలల ఎత్తు సూచనలు కూడా అక్కడే ఉన్నాయి. రుషికొండలో ఈతకు వెళ్ళే మా కుర్రవాళ్ళకు పంపుతున్నాను.

మద్దిలపాలెం_మాస్టారు

ఎర్త్ నల్‌స్కూల్ అనే గాలి పటం గురించి రాస్తాను. భూగోళం మీద గాలి ఎటు వీస్తోందో కదిలే గీతలుగా చూపిస్తుంది. 2013లో కామెరాన్ బెకారియో అనే ప్రోగ్రామరు తయారుచేశారు. దాని గొప్పతనం నేటి గాలిని చూపడంలో లేదు, వెనుకటి తేదీలకు వెళ్ళగలగడంలో ఉంది.

నేను 2014 అక్టోబరు 12 తేదీకి వెళ్ళాను. అందులో కాలం అంతర్జాతీయ ప్రమాణంలో ఉంటుంది కనుక మన సమయం కావాలంటే దానికి అయిదున్నర గంటలు కలుపుకోవాలి. ఉదయం ఆరు అని ఉన్నచోట నిలిపితే మనకు పదకొండున్నర అవుతుంది. హుద్‌హుద్ తుపాను సుడి విశాఖను దాదాపు ఆనుకుని ఉంది.

ఆ రోజు నేను, మా ఆవిడ వంటగదిలో బియ్యం డబ్బాల పక్కన కూర్చుని ఉన్నాం. మొదట ఉత్తరం వైపు కిటికీ అద్దాలు పగిలాయి. తరువాత ఒక్కసారిగా గాలి ఆగిపోయింది. పక్కింటివారు అయిపోయిందనుకుని మెట్లు దిగారు. ఎదురింటి చెట్టు మీద ఒక్క ఆకు కదలడం లేదు, ఆ నిశ్శబ్దానికే భయం వేసింది. కాసేపటికి అంతే బలంగా దక్షిణం వైపు నుంచి మొదలై, ఆ వైపు తలుపు ఊడి పడింది. గాలి దిక్కు మార్చుకోవడం ఎందుకో పుస్తకం ప్రకారం నాకు తెలుసు, పిల్లలకు పాఠం కూడా చెప్పాను. మన అర్ధగోళంలో తుపాను అపసవ్య దిశలో తిరుగుతుంది. అది మన మీదికి రాకముందు మనం దాని ముందు భాగంలో ఉంటాం, గాలి ఆగిపోయే నడిమి భాగం, అంటే కన్ను, దాటాక వెనుక భాగంలో ఉంటాం, కనుక గాలి తలకిందులవుతుంది. కానీ ఆ పటంలో మూడేసి గంటల చొప్పున ముందుకు జరుపుతూ, మా ఇంటి మీద గీతలు ఉత్తరం నుంచి దక్షిణానికి తిరగబడడం చూసినప్పుడు, వంటగది నేల చల్లదనం మళ్ళీ తెలిసింది.

గాజువాక_రమణ

మాస్టారూ, మీ అనుభవం చదివి కదిలిపోయాను, కానీ ఒక విషయంలో మీతో విభేదిస్తున్నాను. ఈ గాలి పటాల చిత్రాలను తీసి, తుపాను రాకముందే "ఇదిగో మన మీదికే" అని వాట్సాప్‌లో పంపేవాళ్ళ వల్ల ప్రతి సంవత్సరమూ మా కాలనీలో గందరగోళం అవుతోంది. ఒకసారి మా అమ్మ రాత్రంతా నిద్రపోలేదు. తీరా చూస్తే తుపాను ఒడిశా వైపు పోయింది. ఇలాంటి పటం పేరు పదిమందికీ చెప్పడం మంచిదేనా?

మద్దిలపాలెం_మాస్టారు

రమణా, నీ అభ్యంతరం సరైనదే, అది నేను ముందే రాయవలసింది. ఆ పటం చూపేది కొలిచిన గాలిని కాదు, అమెరికా వాతావరణ సంస్థ కంప్యూటరు నమూనా లెక్కకట్టిన గాలిని. ఆ నమూనా భూమిని పెద్ద పెద్ద గళ్ళుగా విడగొట్టి ఒక్కొక్క గడికి సగటు చెబుతుంది కనుక, కంటి చుట్టూ ఇరుకైన వలయంలో వీచే అతి తీవ్రమైన గాలి అందులో తగ్గిపోతుంది. హుద్‌హుద్ తీరం దాటేటప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్లని వాతావరణ శాఖ చెప్పింది. పటంలో అంతకంటే బాగా తక్కువ కనిపిస్తుంది. రాబోయే రోజుల అంచనాలైతే ఆరు గంటలకొకసారి మారిపోతాయి. తుపాను సమయంలో వాతావరణ శాఖ బులెటినే చూడాలి, తుపాను హెచ్చరికల కేంద్రం మన ఊళ్ళోనే ఉంది. ఈ పటాన్ని గడిచినదాన్ని అర్థం చేసుకోవడానికి వాడుకుందాం.

గాజువాక_రమణ

అలా అయితే నాకు సమ్మతమే.

సీతమ్మధార_అనూరాధ

మంచివాటితో పాటు ఒక చెడు అనుభవం కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. మా స్థలం రిజిస్ట్రేషను కాగితాలను ఒక పీడీఎఫ్‌గా కలపడానికి, వెతికితే మొదట వచ్చిన ఒక ఉచిత వెబ్‌సైటులో ఎక్కించాను. దాని పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు. పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తరువాతే ఆలోచన వచ్చింది. మా అత్తగారి ఆధార్ నకలు, సంతకాలు, వేలిముద్రలు ఉన్న పద్దెనిమిది పుటలు ఎవరి కంప్యూటరులోకి వెళ్ళాయో నాకు తెలియదు. చెరిపివేస్తామని అక్కడ రాసి ఉంది, కానీ చెరిపారో లేదో నేను చూడలేను కదా.

ఆ తరువాత మా అబ్బాయి ఒక పరీక్ష నేర్పాడు. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక ఇంటర్నెట్టు ఆపేయాలి, ఆ తరువాతే ఫైలు ఎంచుకోవాలి. అప్పుడు కూడా పని జరిగితే, ఆ పని మన బ్రౌజరులోనే జరుగుతోందని అర్థం. ఫొటోల పరిమాణం తగ్గించే స్కూష్ అనేది ఈ పరీక్షలో నెగ్గింది. ఉద్యోగ దరఖాస్తులకు ఫొటో కుదించడానికి ఇప్పుడు మా ఇంట్లో అదే వాడుతున్నాం.

ఎంవీపీ_కిరణ్

అనూరాధ ఆంటీ, ఆ పరీక్ష చాలా బాగుంది. ఒక్క జాగ్రత్త కలుపుతాను. పని అయ్యాక ఆ ట్యాబు మూసివేసి, ఆ తరువాతే ఇంటర్నెట్టు పెట్టండి. తెరిచి ఉంచితే నెట్టు రాగానే పంపే అవకాశం ఉంటుంది. ప్రైవేటు విండోలో చేస్తే ఇంకా మంచిది.

నా వంతుగా టెలిజియోగ్రఫీ సంస్థ పెట్టిన సముద్రగర్భ కేబుళ్ళ పటం చెబుతాను. దేశాల మధ్య ఇంటర్నెట్టు దాదాపు అంతా ఉపగ్రహాల మీద కాక సముద్రం అడుగున వేసిన కేబుళ్ళ మీదే నడుస్తుంది. అవి చాలా చోట్ల తోటలో నీళ్ళు పట్టే గొట్టం అంత లావే ఉంటాయి. ఆ పటం చూసేదాకా మన సముద్రంలోంచి కూడా ఒకటి వస్తుందనుకున్నాను. కానీ అవి ముంబై, చెన్నై, కొచ్చి వంటి చోట్ల ఒడ్డెక్కుతున్నాయి, విశాఖ ముందు నీరు ఖాళీగా ఉంది. 2025 అక్టోబరులో గూగుల్ మన దగ్గర డేటా కేంద్రంతో పాటు సముద్రగర్భ కేబుళ్ళకు ద్వారం కూడా కడతామని ప్రకటించినప్పుడు, మిగతావాళ్ళు పెట్టుబడి అంకె గురించి మాట్లాడుకున్నారు, నాకు మాత్రం ఆ ఖాళీ నీరు గుర్తొచ్చింది.

పాత_పుటలు

వేబ్యాక్ మెషీన్ పేరు ఎవరూ చెప్పకపోవడం ఆశ్చర్యంగా ఉంది. 1996లో మొదలైన ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ పాత వెబ్‌పేజీల నకళ్ళను దాచి, 2001 నుంచి అందరికీ చూపిస్తోంది. మా మిత్రులం నడిపిన ఒక చిన్న సాహిత్య వెబ్‌సైటు ఎప్పుడో మూతపడింది. దాని చిరునామా అందులో వేస్తే 2004 నాటి పేజీ వచ్చింది, కానీ తెలుగు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, చుక్కలు, గీతలు. ఆ రోజుల్లో చాలామంది యూనికోడు, అంటే ఏ కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి, వాడేవారు కాదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు పెట్టిన సొంత ఫాంట్లు వాడేవారు. ఆ ఫాంటు పోతే పాఠమూ పోయినట్లే. అలాంటి పేజీలను యూనికోడులోకి మార్చి చూపడానికి అప్పట్లో ఫైర్‌ఫాక్సుకు పద్మ అనే పొడిగింపు ఉండేది.

నేను పాత సీడీలో ఫాంటు వెతికి, కంప్యూటరులో వేసుకుని, ఆ పేజీని మళ్ళీ తెరిచాను. లేని మిత్రుడి కవిత ఒక్కొక్క పంక్తిగా తెలుగులోకి వచ్చింది. దాన్ని చేత్తో టైపు చేసి వాళ్ళ అమ్మాయికి పంపాను.

మీ దగ్గర విలువైన పేజీ ఏదైనా ఉంటే ఈ రోజే ఆ వెబ్‌సైటులో "ఇప్పుడే భద్రపరచు" అనే గడిలో చిరునామా వేయండి. అది తనంతట తానే అన్నిటినీ చేర్చుకోదు.

భీమిలి_సతీష్

పాత పటాల గురించి రాయడానికి ఇదే చోటు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం, 1950ల నుంచి అమెరికా సైన్యపు పటాల విభాగం వేసిన భారతదేశపు పటాలను ఉచితంగా పెట్టింది. కొలమానం 1:250,000, అంటే పటం మీద ఒక సెంటీమీటరు నేల మీద రెండున్నర కిలోమీటర్లు.

మా అమ్మమ్మగారి ఊరు ఉక్కు కర్మాగారానికి పోయిన ఊళ్ళలో ఒకటి. 1971లో శంకుస్థాపన జరిగాక భూములు తీసుకున్నారు, ఊరు లేచిపోయింది. మా అమ్మ "మా ఊరు" అన్నప్పుడల్లా చెయ్యి దక్షిణం వైపు ఊపేది. అంతకు మించి నాకు ఏమీ తెలియదు. ఇప్పటి పటాల్లో అక్కడ కర్మాగారం తప్ప మరేమీ లేదు.

ఆ పాత పటాన్ని దింపుకుని, గూగుల్ ఎర్త్‌లో చిత్రాన్ని నేల మీద పరిచే సదుపాయం ఉంటుంది కదా, దానితో ఇప్పటి ఉపగ్రహ చిత్రం మీద పెట్టాను. తీరరేఖను, యారాడ కొండను, రైలు పట్టాలను ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడానికి రెండు రాత్రులు పట్టింది. తరువాత పాత పటాన్ని కొద్దికొద్దిగా పలచన చేస్తే కింద నుంచి కర్మాగారం తేలుతుంది. ఊరి పేరు ఇంగ్లీషులో వేరే విధంగా రాసి ఉంది, బయటికి గట్టిగా చదివితేనే అర్థమైంది. చిన్న చుక్క, పక్కనే చెరువు గుర్తు.

అమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత చుక్క మీద కాకుండా చెరువుకు పడమర పక్కన వేలు పెట్టి, "గుడి ఇక్కడ ఉండేది, ఇందులో వెయ్యలేదు" అంది.

సీతమ్మధార_అనూరాధ

సతీష్ గారూ, గుడి ఎక్కడ, బావి ఎక్కడ, ఎవరి ఇల్లు ఎక్కడ అన్నది అమ్మగారి చేత చెప్పించి ఆ పటం మీదే గుర్తులు పెట్టి దాచండి. ఆ తరం వెళ్ళిపోతే చెప్పేవారు ఉండరు.

భీమిలి_సతీష్

మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు గుర్తులు అయ్యాయి. ఆ ఊరి నుంచే వచ్చిన మా పెద్దమ్మను గాజువాక నుంచి ఆదివారం తీసుకొస్తున్నాను. చెరువు గట్టు మీద ఉన్నది చింతచెట్టా, రావిచెట్టా అన్న దగ్గర అక్కచెల్లెళ్ళిద్దరికీ ఫోనులోనే వాదన నడుస్తోంది.

తగరపువలస_నాయుడు

ఆంధ్రభారతి నిఘంటువు నా వంతు. ఒక మాట వేస్తే ఎన్నో నిఘంటువుల్లోని అర్థాలు ఒకే పేజీలో వస్తాయి, బ్రౌన్ దొర నిఘంటువైన బ్రౌణ్యంతో సహా. మన వైపు ఇళ్ళల్లో పలికే మాటలు కొన్ని అందులో దొరకవు. దొరకని మాటలను ఒక కాగితం మీద రాసుకుంటున్నాను, మన ప్రాంతం వారు ఎవరైనా చేతులు కలుపుతారా?

జాలరిపేట_లక్ష్మి

నేను కలుపుతాను, నాయుడు బాబాయ్. వలలకు, గాలులకు, చేపలకు మా వాళ్ళు వాడే పేర్లు నాన్నను అడిగి రాసి పంపుతాను. ఒక్క గాలికే దిక్కును బట్టి వేరు వేరు పేర్లున్నాయి.

చినవాల్తేరు_శ్రీను

మొదటి సంగతికి ముగింపు చెప్పాలి. ఆ ఓడ అయిదో రోజు రాత్రి లోపలికి వెళ్ళింది. పటంలో గుండ్రని చుక్క బాణంగా మారగానే నాన్నగారిని లేపాను, ఇద్దరం డాబా మీదికి వెళ్ళి, ఓడను లోపలికి లాగే చిన్న నావలైన టగ్గుల దీపాలు చూశాం. మూడు రోజుల తరువాత తెల్లవారగానే అది బయటికి వచ్చింది. వెళ్ళేటప్పుడు పటంలో మునక లోతు 8.2 మీటర్లని ఉంది, వచ్చేటప్పుడు కూడా అంతే ఉంది. నాన్నగారు చేతితో కళ్ళకు నీడ పట్టుకుని చూసి, "ఎర్ర పట్టీ కనిపించడం లేదు, నిండుగా పోతోంది, వాళ్ళు ఇంకా రాయలేదు" అన్నారు. మధ్యాహ్నానికి అంకె 13.9కి మారింది.

ఇప్పుడు ఆయన పాత డైరీలో తేదీ, ఓడ పేరు, కంటితో వేసిన అంచనా, పక్కన పటం చెప్పిన అంకె రాస్తున్నారు. లంగరు77 గారూ, ఒక్క ప్రశ్న అడగమన్నారు. నిన్నటి నుంచి దక్షిణపు చివర ఆగి ఉన్న ఎర్ర గుర్తు ఓడ ముందు దీపం వెలగడం లేదట. అది ఎవరికి చెప్పాలి?

లంగరు77

పేరు, సమయం నాకు సందేశం పంపండి. ఇప్పుడే డ్యూటీలో ఉన్నాను, పోర్టు కంట్రోలుకు చెబుతాను.